మేస్త్రి గ్రే

మేస్త్రి ఎడమ కన్ను మూశాడు. ఓడ నీలంగా ఉంది. ఎడమ కన్ను తెరిచి కుడి కన్ను మూశాడు. ఓడ గ్రేగా ఉంది. రెండూ తెరిచి చూశాడు. ఏ రంగులో ఉందో చెప్పడం కష్టం గానీ, తలనొప్పి మాత్రం ఖాయంగా ఉంది.

"పొద్దుటినుంచీ ఆ ఓడకి కన్ను కొడుతూనే ఉన్నారు. ఏమైనా జవాబిచ్చిందా?" అంది ఆయన భార్య గుమ్మంలో నిలబడి.

అసలే మండిపోతున్నవాడికి ఆ మాటతో ఇంకాస్త మండింది. మళ్ళీ ఎడమ కన్ను మూశాడు.

కుడి కంటికి శుక్లం తీసి ఆ రోజుకి ఆరు రోజులు. ఎడమ కంటికి ఇంకో నెల ఆగాలన్నాడు డాక్టరు. "కొన్నాళ్ళు అన్నీ కాస్త నీలంగా కనిపిస్తాయి, కంగారు పడకండి" అని కూడా అన్నాడు. అన్నట్టే మొదటి రోజు గోడలు మెరిసిపోయాయి. భార్య కట్టుకున్న చీర చూసి, "మీగడ రంగు చీర ఏమైంది, ఈ తెల్లదెక్కడిది?" అని అడిగాడు. "అదే ఇది. కొన్నప్పటినుంచీ తెల్లదే" అందావిడ. సరే, అలవాటవుతుందిలే అనుకున్నాడు. నాలుగో రోజుకి గోడలు, చీరలు, ఆకాశం అన్నీ సర్దుకున్నాయి. ఓడ ఒక్కటే సర్దుకోలేదు.

ఆ ఓడ నిజం ఓడ కాదు. కిటికీ దగ్గర బల్ల మీద, మూరెడు పొడవున, చెక్క పీట మీద నిలబెట్టిన బొమ్మ. బొమ్మ అంటే మేస్త్రి ఒప్పుకోడనుకోండి. ఇప్పటి యుద్ధనౌక ఎలా ఉంటుందో, క్షిపణుల మూతలతో సహా, హెలికాప్టర్ దిగే చదునుతో సహా, అలాగే మూడువందల యాభయ్యో వంతుకి కుదించిన నమూనా. ముక్కలు అతికించడం ఆయనకో లెక్క కాదు. రంగు దగ్గరే ఆయన పనితనమంతా. రేవు కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్ళు, తాళ్ళకి కట్టిన పలక మీద వేలాడుతూ, యుద్ధనౌకల పక్కలకి రంగు వేసిన మనిషి. మేస్త్రిగా దిగిపోయాడు. ఉద్యోగం వదిలినా ఆ పిలుపు ఆయన్ని వదల్లేదు.

ఓడని కొత్తగా చూపించడం ఎవరైనా చేస్తారంటాడు ఆయన. నాలుగేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన ఓడలా చూపించడమే పని. లంగరు గొట్టం కింద తుప్పు కన్నీరులా జారాలి. నీటి గీత పైన ఉప్పు తెల్లగా పొరలు కట్టాలి. పొగగొట్టం మొహం మసకబారాలి. ఇదంతా అయిదు వెంట్రుకల బ్రష్‌తో, ఊపిరి బిగబట్టి చేసే పని. "కొన్న కొత్త వస్తువుకి కూర్చుని తుప్పు పట్టించే మనిషిని మిమ్మల్నే చూశాను" అనేది ఇల్లాలు. ఈ ఓడ తుప్పుకే ఆయనకి మూడు నెలలు పట్టింది. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు కూడా.

అయితే పదిమందిలో ఆయనకి పేరు తెచ్చింది తుప్పు కాదు, దాని కింద ఉండే గ్రే. ప్రతి ఆదివారం ఓ డజను మంది ఓడల పిచ్చివాళ్ళు గ్రంథాలయం మేడ మీద కలుస్తారు. ఏ రంగు ఎన్ని చుక్కలు వెయ్యాలో అందరూ ఆయన లెక్క రాసుకుపోయి అదే కలుపుతారు. దాన్ని "మేస్త్రి గ్రే" అంటారు, డబ్బాలో దొరికే రంగైనట్టు. రంగుల కార్డు దగ్గర పెట్టుకోమని ఎవరైనా అంటే, "నా గోళ్ళలో ఇంకా ఆ గ్రే పోలేదు, నాకు కార్డెందుకు?" అనేవాడు. ఆ మాట విని రేవు శిక్షణ బడిలో రంగు పని నేర్పే మాస్టరు స్వయంగా ఇంటికొచ్చి ఈ ఓడ అడిగాడు. "మా కుర్రాళ్ళు ముందు మీ ఓడ చూసి, ఆ తర్వాతే బ్రష్ పట్టాలి మేస్త్రిగారూ. అద్దాల పెట్టె కూడా చేయించాం" అన్నాడు. శనివారం అప్పగించాలి. ఇవాళ బుధవారం.

మేస్త్రి లేచి బల్ల అడుగు సొరుగు లాగాడు. అందులో ఒక రేకు డబ్బా. డబ్బాలో మడత పెట్టిన కాగితం. కాగితంలో బొటనవేలి గోరంత రంగు పెచ్చు. ఉద్యోగం ఆఖరి రోజున తను రంగు వేసిన ఆఖరి ఓడ పక్కనుంచి ఊడినది. జ్ఞాపకానికి తెచ్చుకున్నాడు. పన్నెండేళ్ళుగా దాన్ని తెరిచి చూడలేదు. అవసరమేముంది, గోళ్ళలోనే ఉందిగా!

పెచ్చుని ఓడ మీద పెట్టి ఎడమ కంటితో చూశాడు. పెచ్చూ ఓడా ఒక్కటే. కుడి కంటితో చూశాడు. పెచ్చు గ్రే. ఓడ నీలిమందు ఎక్కువైన పంట్లాం.

కొత్త కన్నే అబద్ధం చెబుతుంటే పెచ్చు కూడా నీలంగా కనబడాలి కదా. పెచ్చు గ్రేగానే ఉంది.

చుక్కల పుస్తకం తీశాడు. మొదటి ఓడ: నీలం నాలుగు చుక్కలు. రెండేళ్ళ తర్వాత అయిదు. ఆ తర్వాత ఏడు. తొమ్మిది. పదకొండు. ఈ ఓడకి పదమూడు. ప్రతిసారీ "ఏదో తగ్గింది, ఇంకొక్క చుక్క" అనుకునే వేశాడు. కంట్లో పొర పసుపెక్కుతున్నకొద్దీ డబ్బాలో నీలం పెంచుకుంటూ పోయాడన్నమాట.

"ఇదిగో, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు. "నిజం చెప్పు. ఈ ఓడ నీలంగా ఉందా?"

"ఉంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అయిదేళ్ళ కిందటే చెప్పాను. ఆ నెత్తిమీద తిరగలి ఉన్న ఓడ చేశారు చూడండి, అప్పుడు."

"తిరగలి కాదు, రాడారు."

"ఏదో ఒకటి. ఏమన్నారో గుర్తుందా? 'ముప్పై ఏళ్ళు రంగులో ఊరినవాడికి నువ్వు చెప్పొచ్చావా, వెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకో' అన్నారు. వెళ్ళి చూసుకున్నాను. పొంగలేదు కూడా."

మేస్త్రి చుక్కల పుస్తకం మూశాడు. అనే ఉంటాడు. అచ్చం తన మాటలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం విరిగిపోయిన ఓ పాత ఓడ పొట్ట తీసుకుని ప్రయత్నం చేశాడు. పాత తుప్పు చారల మీద వార్నిష్ కొట్టి, ఆరాక, దానిమీద గోధుమరంగు పల్చగా పూస్తే నీలం చస్తుందేమోనని. నీలం చచ్చింది. దాంతోపాటు ఉప్పు మరకలు పసుపుపచ్చ అయ్యాయి, తుప్పు బురదయింది. మొత్తం మళ్ళీ ఎడమ కంటితో చూసినట్టే ఉంది. "ఇది రంగు దిద్దడం కాదు, ఓడకి కూడా శుక్లం తెప్పించడం" అని ఆ ముక్కని చెత్తబుట్టలోకి విసిరాడు. అదీ గురి తప్పి మంచం కిందికి పోయింది.

ఇక ఒక్కటే దారి. తుప్పంతా తుడిచేసి, సరైన గ్రే కొట్టడం. అంటే మూడు నెలల పని గుడ్డతో తుడిచి పారెయ్యడం. శనివారానికి మళ్ళీ తుప్పు పట్టించడం బ్రహ్మ వల్ల కూడా కాదు.

సాయంత్రం వియ్యంకుడు వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. మేస్త్రి కూతురు ఆయన కోడలు. మేస్త్రిని చూసే ఆయనకీ ఓడల పిచ్చి పట్టింది. చుక్కల లెక్కలో వెంట్రుకవాసి తేడా రానివ్వడు. ఆదివారం గుంపుకి ఆయనే పెద్ద.

"బావగారూ, కన్నెలా ఉంది?"

"కన్ను దివ్యంగా ఉంది. ఓడే బాగాలేదు. ఇలా కూర్చోండి. ఇది అసలు ఓడ పెచ్చు. ఇది నా ఓడ. చూసి చెప్పండి."

లెక్కల మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, తుడిచి చూశాడు.

"పెచ్చు పాడైపోయింది" అని తీర్పు చెప్పాడు.

"చీకట్లో, డబ్బాలో, కాగితంలో ఉన్నది ఎలా పాడవుతుంది?"

"పన్నెండేళ్ళు చీకట్లో పెడితే మనిషే పాడవుతాడు, పెచ్చెంత!"

"బావగారూ, వేళాకోళం కాదు. మొదట్లో నీలం నాలుగు చుక్కలు వేసేవాణ్ణి. ఇప్పుడు పదమూడు వేస్తున్నాను. కన్ను కనబడక వేశాను."

మాస్టారి మొహంలో నవ్వు పోయింది. "నేనూ పదమూడే వేస్తున్నాను. మీరు చెప్పిందే."

"అందుకే చెబుతున్నా."

"నా అలమరలో పద్నాలుగు ఓడలున్నాయి."

"తెలుసు."

"పద్నాలుగూ తప్పేనంటారా?"

మేస్త్రి మనసులో లెక్క వేశాడు. "మొదటి అయిదూ అంత తప్పు కాదు."

"చాలా సంతోషం!" మాస్టారు లేచి నిలబడ్డాడు. "మా కోడలు ఏనాడో అంది, 'మామయ్యగారూ, మీ ఓడలన్నీ బడికి పోతున్నట్టున్నాయి, యూనిఫారం వేసుకుని' అని. మీ అమ్మాయే కదా, పుట్టింటి మీద చనువుతో వెక్కిరిస్తోంది అనుకుని ఊరుకున్నాను. అంటే అందరికీ కనబడింది, మనిద్దరికీ తప్ప!"

"అదే నేననేది..."

"మీరేం అనకండి. ఆ డాక్టరే మీ కన్ను పాడుచేశాడు. రేపు ఇంకో డాక్టరుకి చూపిద్దాం. ఆదివారం మేడ మీద ఈ మాట ఎత్తారంటే మాత్రం నేను రాను. మీకే చెబుతున్నా."

టీ తాగకుండా వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళ వియ్యంలో ఇది మొదటిసారి. చల్లారిపోతున్న కప్పు మేస్త్రే తీసి లోపల పెట్టాడు. తప్పు చేశానని ఒప్పుకోవడం కష్టమని విన్నాడు గానీ, ఒప్పుకుంటే ఎదుటివాడు ఒప్పుకోకపోవడం ఇంత చిరాగ్గా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

గురువారం పొద్దున స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడ్డాడు. రోజూ నిలబడే చోటే. రోజూ చెప్పుకునే మాటలు ఆ పూట నోటికి రాలేదు. 'స్వామీ, తప్పు చేస్తున్నంతకాలం తప్పని తెలియనివ్వవు. తెలిశాక దిద్దుకోవడానికి రెండు రోజులిస్తావు. ఇదెక్కడి న్యాయం? నువ్విచ్చిన కళ్ళేగా రెండూ. ఒకటి అలా, ఒకటి ఇలా చెబితే మనిషన్నవాడు దేన్ని నమ్ముకుని బతకాలి?' అనుకున్నాడు. కళ్ళు మూసుకుంటే రెండు కళ్ళలోనూ ఒకటే చీకటి. అక్కడ తేడా లేదు. కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. తెలియనివ్వలేదని తనెలా అనగలడు? అయిదేళ్ళ కిందటే ఆ స్వామి ఇంట్లో మనిషిచేత చెప్పించాడు కదా. ఆ చెప్పిన మనిషిని పాలు చూసుకోమని పంపించింది ఎవరు?

దణ్ణం పెట్టి వచ్చి, ఎడమ కంటి మీద దూది పెట్టి పట్టీ అంటించుకున్నాడు. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, థిన్నర్ సీసా మూత తీశాడు.

"డాక్టరు నెల రోజులు ఆ వాసనలు వద్దన్నాడు" అంది భార్య.

"డాక్టరుకి శనివారం లేదు, నాకుంది."

"కన్నుపోతే శనివారమేం ఖర్మ, ఏ వారమూ ఉండదు."

"సగం పూటే చేస్తాను. ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను. సరేనా?"

కుడి పక్కనుంచి మొదలుపెట్టాడు. గుడ్డకి థిన్నర్ అద్ది లంగరు గొట్టం కింద ఒక్కసారి రాశాడు. పదకొండు రోజులు దిద్దిన తుప్పు చార గుడ్డ మీద కాఫీ మరకలా తేలింది. నీటి గీత మీది ఉప్పు, నీళ్ళు కారే తూముల కింది మరకలు, తలుపు అంచుల్లోని నలుపు అన్నీ వరసగా పోయాయి. ఆ పక్క నెలన్నర పని తుడవడానికి పావుగంట పట్టలేదు.

"అయ్యో, ఆ ఏడుపు చార బాగుండేదండీ" అంది భార్య వెనకనుంచి, నిజంగానే బాధపడుతూ.

"నువ్వు మాట్లాడకు" అన్నాడు. అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

గ్రే కలపడం అంతకన్నా పెద్ద పని అయింది. పెచ్చు పక్కన పెట్టుకుని, జీవితంలో మొదటిసారి చూసి కలుపుతున్నాడు. చేతికి పాత లెక్క అలవాటు. ఆపుకుంటున్నా నీలం వైపే పోతోంది. మూడుసార్లు కలిపి మూడుసార్లు పారబోశాడు. నాలుగోది బాగున్నట్టే ఉంది. కానీ వారం రోజుల కన్ను! దాన్నైనా ఎంతవరకు నమ్మడం? ఎటూ తేలక వెనక్కి తిరిగాడు.

"నువ్వు చెప్పు."

"నన్నా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

"ఉండండి, పొయ్యి మీద పాలున్నాయేమో చూసొస్తాను."

"చంపకే తల్లీ! చూసి చెప్పు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి వంగి చూసింది. పెచ్చుని చూసింది, గిన్నెలోది చూసింది, వెలుతురు పడేట్టు గిన్నె కిటికీ వైపు తిప్పింది. "నీలం పోయింది. కానీ కాస్త ఆకుపచ్చకి తిరిగిందేమో. నాకూ వయసొచ్చింది, నా కళ్ళలో ఏ పొరలున్నాయో నాకేం తెలుసు? తేడా ఉందని మాత్రం తెలుస్తోంది."

పచ్చదనం ఆయనకి కనబడలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఒక చుక్క ఎరుపు వేసి కలిపాడు. పుల్లతో పెచ్చు అంచుకి అద్దాడు. ఆరాక, ఎక్కడ అద్దాడో వెతుక్కోవలసి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి కుడి పక్క ఒక్కటే పూర్తయింది. ఎడమ పక్క మొదలుపెట్టబోతుంటే కుడి కన్ను ఎర్రబడి నీళ్ళు కారాయి. భార్య వచ్చి రంగు కొట్టే స్ప్రే యంత్రం తీగ పీకి, ఆ తీగ చుట్ట చుట్టి తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. బీరువాతో ఎవరు వాదిస్తారు?

బడి మాస్టరుకి ఫోన్ చేశాడు. "సగమే అయిందండీ."

"అదేంటి? పోయినవారం అయిపోయిందన్నారుగా?"

"అయిపోయింది. అయిపోయినదే తప్పని తేలింది."

"అవన్నీ తర్వాత చూసుకుందాం మేస్త్రిగారూ. రేపు పదకొండుకి పెట్టె తెరవడానికి రేవు పెద్దాయన వస్తున్నారు. పెట్టెకి పలక కూడా రాయించేశాం, 'అసలు యుద్ధనౌక రంగులో' అని. ఎలా ఉంటే అలా పట్రండి."

ఎలా ఉంటే అలాగే పట్టుకెళ్ళాడు శనివారం పొద్దున, అట్టపెట్టెలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. బడి వసారాలో అద్దాల పెట్టె నిగనిగలాడుతోంది. లోపల దీపం కూడా పెట్టారు. ఇత్తడి పలక మీద అక్షరాలు గజం దూరంనుంచే చదవొచ్చు. కుర్రాళ్ళు గుంపుగా మూగారు. మాస్టరు ఓడ అందుకుని కుడి పక్క చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటి, నిన్న కొన్నదానిలా ఉంది? మీ చెయ్యి ఏమైంది?" ఓడని ఇటు తిప్పాడు. మొహం వెలిగింది. "ఆహా! ఇదీ మేస్త్రి పనంటే! చూడండిరా, ఆ తుప్పు ఎలా జారిందో!"

ఎడమ పక్క ముందుకు, కుడి పక్క గోడకి ఉండేట్టు పెట్టెలో పెట్టాడు.

"ఆ పక్క రంగు తప్పండి" అన్నాడు మేస్త్రి. "గోడకున్నదే సరైన గ్రే. ఇది నా కన్ను కనబడక కలిపిన నీలం." చెయ్యి పెట్టి ఓడని తిప్పాడు.

"బోసిగా ఉందండీ అది." మాస్టరు మళ్ళీ తిప్పాడు. "అయినా ఈ తేడా ఎవరికి తెలుస్తుంది?"

"రంగు నేర్పే మనిషి మీరే అలా అంటే, నేర్చుకునేవాడికి ఇంకేం తెలుస్తుంది?" అని మేస్త్రి మళ్ళీ తిప్పాడు. ఈసారి చెయ్యి కాస్త విసురుగా పడింది. ఓడ మీది రాడారు, పెట్టె అంచుకి తగిలి టప్పున విరిగి కుర్రాళ్ళ కాళ్ళ మధ్య పడింది. ఎవరో నవ్వు ఆపుకున్నారు.

మాస్టరు గొంతు తగ్గించాడు. "మేస్త్రిగారూ, పెద్దాయన వచ్చే వేళయింది. మీ మీద గౌరవంతో చెబుతున్నాను. దానికేసి చూసి అందరూ మెచ్చుకుంటారు, మీ పేరు నిలబడుతుంది. ఇంతకంటే ఏం కావాలి మీకు?"

ఏం కావాలి? మేస్త్రికి ఆ క్షణాన నిజంగానే ఆశ పుట్టింది. తుప్పు అంత బాగుంది. ఇలాంటిది మళ్ళీ తన చేతిమీద వస్తుందో రాదో. దీపం కింద నీలం కూడా అంతగా తెలియడం లేదు. ముందు వరసలో ఒక కుర్రాడు చిన్న పుస్తకం తీసి, ఓడ వైపు కళ్ళు చికిలించి చూస్తూ, నీలమెంత, నలుపెంత అని రాసుకుంటున్నాడు.

మేస్త్రి ముందుకు వంగి ఓడని రెండు చేతులతో ఎత్తి అట్టపెట్టెలో పెట్టేసుకున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"తీసుకెళ్తున్నాను. రెండో కన్ను కూడా అయ్యాక, రెండు పక్కలా ఒకే రంగు వేసి తెస్తాను. బాబూ, రాసుకున్నది కొట్టెయ్యి. అది తప్పు."

"పెద్దాయనకి ఖాళీ పెట్టె చూపించమంటారా? పలకతో సహా?"

"తప్పు రంగు చూపించడం కంటే ఖాళీ నయం."

"మీరింక తేనక్కర్లేదు" అన్నాడు మాస్టరు. పళ్ళు బిగించి అన్నాడు గానీ కుర్రాళ్ళందరికీ వినబడింది.

మేస్త్రి కింద వెతికి రాడారు ముక్క ఏరుకుని జేబులో వేసుకుని బయటికి నడిచాడు. పరువు పోయిందా, నిలిచిందా అన్నది తేలలేదు. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. తెల్లటి మీసాలు, ఇస్త్రీ చొక్కా. లోపలినుంచి ఏ సామాను వెళ్ళినా తెరిచి చూపించాలన్నాడు. మేస్త్రి విసుక్కుంటూ మూత తీశాడు.

"అబ్బ, ఎంత బాగుందండీ ఓడ!" అన్నాడు కాపలావాడు. "మరి పట్టుకుపోతున్నారేం?"

"ఒక పక్క గ్రే, ఒక పక్క నీలం. అందుకు."

కాపలావాడు పెట్టె మీదికి వంగి ఇటు చూశాడు, అటు చూశాడు, నిటారుగా నిలబడ్డాడు. "నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయే."

మేస్త్రి ఆయన కళ్ళలోకి తేరిపార చూశాడు. "డాక్టరుకి ఎప్పుడైనా చూపించుకున్నారా కళ్ళు?"

"నా కళ్ళకేమైందండీ, నిక్షేపంలా ఉన్నాయి!" అన్నాడు కాపలావాడు రోషంగా. "ముందు మీ గేటు చీటీ చూపించండి."